కార్మిక బంధువు శ్రీ వరాహగిరి వేంకటగిరి

మహనీయుల జీవిత చరిత్రలను చదువుట వలన కలుగు ప్రయోజనము రెండు విధములు. వారు సాధించిన ఘనకార్యములను తెలిసికొని సంతోషించుట మొదటిది. వారు పడిన చిక్కులలో మన చిక్కులను పోల్చుకొని దారి వెదకుకొనుట రెండవది. మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక మహనీయుని చరిత్ర వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు కోరినపుడు, ఈ రెండవ ప్రయోజనమునే మనసునం దుంచుకొని శ్రీ వరాహగిరి వేంకటగిరిగారి చరిత్రను ఎన్నుకొంటిని. వి. వి. గిరి యను పేరుతో ఆయన దేశమునకు నాలుగవ రాష్ట్రపతిగా అందరికిని తెలిసినవారే. కాని ఆ పదవికి రాకపూర్వము దశాబ్దముల తరబడి ఆయన కార్మిక సంఘముల పనిలో గడపిరనియు, ఆ సంఘములు రాజకీయ పక్షముల చేతులలో ఎట్లు పెరిగినవో, ఎట్లు చీలినవో కన్నులార చూచిరనియు ఎరిగినవారు తక్కువ.

ఈ విషయము మన సీమకు పరాయిది కాదు. కర్నూలు, కడప ప్రాంతములు వానను నమ్ముకొనిన మెట్ట నేలలు. వాన తప్పిన యేట జొన్న, కొర్ర, వేరుసెనగ వేసిన రైతుబిడ్డయే కూలివాడగును. అట్టివారే బేతంచెర్ల బండల గనులకును, మంగంపేట ముగ్గురాయి గనులకును, ఎర్రగుంట్ల సిమెంటు కర్మాగారములకును, ఆదోని జిన్నింగు మిల్లులకును పోయిరి. అట్టి తావులలో పదిమంది పనివారు కూడి సంఘము పెట్టుకొందమని తలచినచో, ఊరివారు మొట్టమొదట అడుగు ప్రశ్న ఒక్కటే: అది ఏ పార్టీవారిది? సంఘము పనివారిదే కారాదా యను ప్రశ్న చాలమందికి తోచనే తోచదు. గిరిగారి జీవితములో అధిక భాగము ఈ తోచని ప్రశ్నతోనే పెనగులాడెను.

గిరిగారు 1894 ఆగస్టు 10వ తేదీన బరంపురములో జన్మించిరి. నేడు ఒడిశాలో నున్న ఆ పట్టణము నాడు మద్రాసు రాజధానిలోని గంజాము జిల్లాకు చెందినది. తండ్రి జోగయ్య పంతులుగారు పేరు పొందిన న్యాయవాది. పిదప కేంద్ర శాసనసభలో సభ్యులైరి. తల్లి సుభద్రమ్మగారు జాతీయోద్యమములో పాల్గొని నిర్బంధమునకు వెరవని ఇల్లాలు. గిరిగారు స్వస్థలమందలి ఖల్లికోట కళాశాలలో చదివి, న్యాయశాస్త్రము నభ్యసించుటకై 1913లో ఐర్లండు రాజధానియైన డబ్లిన్ నగరమునకు పోయిరి. ఆనాటి మన విద్యార్థులలో అధికులు లండనుకు పోవుచుండగా ఈయన డబ్లిన్‌కు పోవుట ఆయన బ్రతుకు దారినే మార్చినది.

ఆయన చేరిన యేడే ఆ నగరములో గొప్ప కార్మిక పోరాటము చెలరేగెను. 1913 ఆగస్టులో ట్రాముబండ్ల పనివారు సమ్మె చేయగా, యజమానులందరు ఏకమై, సంఘములో చేరము అని వ్రాసి యిచ్చిన వారికే పని యిత్తుమని నియమము పెట్టిరి. సుమారు 20,000 మంది పనివారు వాకిటికి వెలియైరి. జేమ్స్ లార్కిన్, జేమ్స్ కానొలీ అనువారు వారికి నాయకులు. నెలల తరబడి పస్తులుండి, 1914 జనవరి నాటికి పనివారు ఓడి పనులకు మరలిరి. అయినను సంఘము చావలేదు. 1916 ఏప్రిలులో ఐరిష్ దేశభక్తులు ఆంగ్ల ప్రభుత్వముపై తిరుగబడినపుడు ఆ కానొలీయే ముందు నిలిచెను. మే నెలలో తుపాకి గుండ్లకు బలియయ్యెను. ఐరిష్ ఉద్యమకారులతో సంబంధము కలదను అనుమానముతో గిరిగారిని దేశము విడువుమని ప్రభుత్వమువారు శాసించిరి. బారిష్టరు పట్టముతో ఆయన ఆ యేడే స్వదేశమునకు వచ్చిరి.

పరదేశములో చూచిన ఈ దృశ్యము ఆయనకు రెండు పాఠములు నేర్పినది. దేశము దాస్యములో నున్నపుడు కూలివాని పోరును, దేశము పోరును వేరు చేయుట కష్టము. ఇది మొదటి పాఠము. సంఘమునకు పనివాని కడుపుమంట మాత్రము చాలదు, నిలిచి పోరుటకు కూడబెట్టిన ధనమును, కట్టుబాటును కావలెను. ఇది రెండవ పాఠము. ఈ రెండును ఒకదానితో నొకటి తగవులాడు పాఠములు. మొదటిది సంఘమును రాజకీయముల వైపు లాగును. రెండవది సంఘమును తన కాళ్లపై నిలువుమనును. గిరిగారి జీవితమంతయు ఈ రెండింటి నడుమ నడచినది.

మద్రాసులో న్యాయవాదిగా పేరు నమోదు చేసికొనిన గిరిగారు కాంగ్రెసులోను, అనిబిసెంటమ్మగారి హోంరూలు ఉద్యమములోను పాల్గొనిరి. 1920లో గాంధీమహాత్ముని పిలుపు మేరకు వృత్తిని విడిచిరి. 1922లో కల్లు, సారా దుకాణముల ముందు నిరసన సలిపి మొదటిసారి చెరసాలకు పోయిరి. పిమ్మట ఆయన మనసు రైల్వే పనివారి మీదికి మరలెను.

ఆ దినములలో కార్మిక సంఘము దేశమునకు క్రొత్త వస్తువు. 1918లో మద్రాసులోని బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లుల పనివారు శ్రీ బి. పి. వాడియాగారి నాయకత్వమున మద్రాసు లేబరు యూనియనును పెట్టుకొనిరి. 1920లో లాలా లజపతిరాయ్‌గారి అధ్యక్షతన బొంబాయిలో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు పుట్టెను. బెంగాల్ నాగపూర్ రైల్వే అనునది ఒక ఆంగ్ల కంపెనీ. దాని దారి కలకత్తానుండి బరంపురము, విజయనగరముల మీదుగా వాల్తేరు వరకు సాగెడిది. పెద్ద కర్మశాల ఖరగ్‌పూరులో నుండెను. అచ్చట పనికి పోయినవారిలో తెలుగువారు మెండు. నేటికిని ఆ పట్టణములో తెలుగు వాడలున్నవి. ఈ పనివారికి గిరిగారు సంఘము కట్టిరి.

1927-28 కాలమున ఆ కంపెనీవారు పనివారిని పెద్ద సంఖ్యలో తొలగింపబూనిరి. తెలుగు, ఒరియా, బెంగాలీ, హిందూస్తానీ మాటలాడు పనివారు ఒక్కటై సమ్మె చేసిరి. హింసకు తావీయక, కట్టుబాటు తప్పక సాగిన ఆ సమ్మెకు గిరిగారు నాయకులు. చివరకు కంపెనీవారును, ప్రభుత్వమువారును తొలగింపబడినవారి విషయమున దిగిరాక తప్పలేదు. పనివారి చేతిలో నున్న ఆయుధము పనిని నిలుపుట యొక్కటే. దానిని నియమముతో వాడినచో బలవంతుడైన యజమానియు సంధికి వచ్చునని ఆ విజయము లోకమునకు చాటెను.

ఒక్క రైల్వేతో పని తీరదని యెరిగి, దేశములోని రైల్వే సంఘములన్నింటిని కూర్చిన అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషనును నిర్మించినవారిలోను గిరిగారు ముఖ్యులు. పెక్కు సంవత్సరములు దాని ప్రధాన కార్యదర్శిగా పనిచేసిరి. ఆదోని, గుంతకల్లు, ఎర్రగుంట్ల, కడప, నందలూరుల మీదుగా పోవు మన దారి నాడు మద్రాసు సదరన్ మరాఠా రైల్వే కంపెనీ యధీనమున నుండెను. ఇంజనులో బొగ్గు వేయువాడు, కట్టపై కంకర సర్దువాడు, కాంటా వాల్చువాడు తమ కష్టములను చెప్పుకొనుటకు దేశమంతటికిని ఒక వేదిక యుండుట ఆనాటికి చిన్న విషయము కాదు. 1926లో గిరిగారు అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసునకు అధ్యక్షులైరి. 1927లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక సమావేశమునకు భారత కార్మికుల పక్షమున పోయిరి.

ఇచ్చట 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టమును గూర్చి ఒక మాట చెప్పవలసి యున్నది. అంతకు పూర్వము సంఘములకు చట్టపు రక్షణ లేదు. మద్రాసులో వాడియాగారి సంఘముపై మిల్లు యజమానులు హైకోర్టుకెక్కి ఉత్తర్వు తెచ్చుకొనిన తరువాతనే ఇట్టి చట్టము కావలెనని దేశములో ఆందోళన బలపడెను. లెక్కలు వ్రాయుట వృత్తిగా గల నాకు ఆ చట్టములో మిక్కిలి నచ్చిన యంశము ఒకటి కలదు. సంఘపు సామాన్య నిధిని సభ్యుల మేలునకే వాడవలెను. ఎన్నికలు మొదలగు రాజకీయపు పనులకు వేరు నిధి పెట్టవలెను. ఆ నిధికి చందా యిమ్మని ఎవరిని బలవంతము చేయరాదు. ఇయ్యని కారణమున ఎవరిని సంఘమునుండి తొలగింపరాదు. కార్యవర్గములో కనీసము సగము మంది ఆ పరిశ్రమలో పనిచేయువారై యుండవలెనని ఆనాటి నియమము. అనగా సంఘమునకు రాజకీయము నిషిద్ధము కాదు. కాని పద్దు వేరు, పుస్తకము వేరు. రెండు పద్దులను కలిపివేసినచో ఏ లెక్కయు నిలువదని గ్రామ లెక్కలు వ్రాయువానికి కూడ తెలియును. మన దేశపు కార్మికోద్యమము ఈ చిన్న సూత్రమును కాగితముపై పాటించి కార్యమునందు మరచినది.

మరచిన ఫలము మూడేండ్లలోనే కనబడెను. 1929లో నాగపూరున జవహర్లాల్ నెహ్రూగారి అధ్యక్షతన ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు మహాసభ జరిగెను. కార్మికుల స్థితిగతులను విచారించుటకు ఆంగ్ల ప్రభుత్వమువారు నియమించిన విట్లీ సంఘమునకు సాక్ష్యమీయవలెనా, బహిష్కరింపవలెనా యనునది వివాదము. ఏ అంతర్జాతీయ సంస్థలతో చేరవలెనను చర్చయు దానికి తోడయ్యెను. ఈ ప్రశ్నలలో కూలి, పనిగంటలు, అపాయములకు పరిహారము అనునవి వెనుకబడి, ప్రపంచ రాజకీయములు ముందుకు వచ్చెను. సంఘము చీలెను. విచారణ సంఘమునకు సాక్ష్యమిచ్చి పనివారికి కొంత మేలు రాబట్టవలెనని తలచిన ఎన్. ఎం. జోషిగారును, గిరిగారును వెలుపలికి వచ్చి ఇండియన్ ట్రేడ్ యూనియన్ ఫెడరేషనును స్థాపించిరి. 1931లో మరల చీలిక వచ్చి కమ్యూనిస్టులు రెడ్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెసును వేరుగా పెట్టిరి. ప్రపంచమంతట ధరలు కూలి, మిల్లులు మూతబడి, పనివానికి ఐకమత్యము ఎక్కువగా కావలసిన కాలమున మూడు జెండాల క్రింద వాడు చీలిపోయెను.

గిరిగారు ఇది చూచి ఊరకుండలేదు. చీల్చినవారిలో తామును ఒకరైనందున అతుకువలసిన భారము తమపై నున్నదని తలచిరి కాబోలు. ఏండ్ల కొలది సంప్రదింపులు జరిగెను. 1938లో మరల నాగపూరులోనే రెండు పక్షములును ఆయన సూచించిన పద్ధతిని అంగీకరించెను. 1940 నాటికి విలీనము పూర్తియయ్యెను. రాజకీయ విషయములను గాని, సమ్మె విషయములను గాని నాలుగింట మూడు వంతుల సభ్యులు ఒప్పిననే సంఘము నిర్ణయింపవలెనను నియమము ఆ పద్ధతికి మూలము. ఒక పక్షమువారు రాత్రికి రాత్రి చేతులెత్తించి సంఘమును తమ వాకిట కట్టివేయకుండ కాపాడు గొళ్లెము వంటిది ఆ నియమము.

ఈ నడుమ గిరిగారు రాజకీయములను విడువలేదు. విడువవలెనని ఆయన ఎన్నడును తలపలేదు. 1931లో లండనులో జరిగిన రెండవ రౌండు టేబులు సమావేశమున కార్మిక ప్రతినిధిగా పాల్గొనిరి. 1937 ఎన్నికలలో కాంగ్రెసు అభ్యర్థిగా నిలిచి, జస్టిస్ పక్ష నాయకులైన బొబ్బిలి రాజాగారిని వారి బొబ్బిలిలోనే ఓడించిరి. రాజాజీ మంత్రివర్గములో కార్మిక, పరిశ్రమల శాఖల మంత్రియైరి. సమ్మెలు నడిపిన చేయి ప్రభుత్వపు కలము పట్టెను. యుద్ధమునకు ముందు రాయబారము నడపుట ధర్మమని మన భారతము చెప్పుచున్నది గదా. యజమానిని, పనివానిని ఒక బల్ల ముందు కూర్చుండబెట్టి సంధి చేయుటయే ఆయన పద్ధతి.

1939లో ప్రపంచ యుద్ధము రాగా కాంగ్రెసు మంత్రివర్గములు రాజీనామా చేసెను. గిరిగారు పదునైదు నెలలు చెరసాలలో నుండి 1941లో విడుదలైరి. 1942లో రెండవసారి ట్రేడ్ యూనియన్ కాంగ్రెసునకు అధ్యక్షులైరి. క్విట్ ఇండియా ఉద్యమములో మరల నిర్బంధితులై 1945 వరకు చెరలో గడపిరి. అధ్యక్షుడు చెరలో నుండగా సంఘము వేరొక దారి పట్టెను. జర్మనీ సోవియట్ దేశముపై దండెత్తిన పిదప కమ్యూనిస్టులు యుద్ధ ప్రయత్నమును బలపరచిరి; కాంగ్రెసువారు కారాగారములలో నుండిరి. ఎవరి రాజకీయము సరియైనదని నేనిచ్చట తీర్పు చెప్పబోను. ఒకే సంఘములోని రెండు పక్షములవారు రెండు దిక్కులకు లాగుచుండగా, ధరలు పెరిగి బియ్యము దొరకని ఆ దినములలో పనివాని గోడు ఎవరి చెవిని పడవలెను?

స్వాతంత్ర్యము వచ్చు వేళకు ఈ చీలిక ఆచారమైపోయినది. 1947 మేలో కాంగ్రెసువారు ఐ. ఎన్. టి. యు. సి. ని స్థాపించిరి. 1948లో సోషలిస్టులు హింద్ మజ్దూర్ సభను పెట్టిరి. 1955లో జనసంఘమునకు సన్నిహితులైనవారు భారతీయ మజ్దూర్ సంఘమును పెట్టిరి. 1964లో కమ్యూనిస్టు పార్టీ రెండుగా చీలగా, 1970లో సి. ఐ. టి. యు. వేరుపడెను. మన రాష్ట్రములో తెలుగుదేశము పుట్టిన పిదప దానికిని ఒక కార్మిక విభాగమేర్పడెను. పార్టీ చీలిన ప్రతిసారియు సంఘము చీలును. కాని సంఘము కోరిక మీద పార్టీలు కలిసినట్లు ఎచ్చటను వినలేదు.

ఇది చూచినపుడు నాకు మహాభారతములోని శల్యుని కథ జ్ఞప్తికి వచ్చును. పాండవులకు మేనమామయైన శల్యుడు వారికి తోడ్పడుటకే సేనతో బయలుదేరెను. దారి పొడవునను విడుదులు, విందులు అమర్చబడి యుండెను. ఇవన్నియు ధర్మరాజు చేయించినవని సంతోషించి, చేయించినవానికి వరమిత్తుననెను. తీరా చూడగా చేయించినవాడు దుర్యోధనుడు. ఇక మాట తప్పలేక తనవారిపైననే విల్లెత్తవలసి వచ్చెను. పార్టీవారు వేయించిన పందిరిలో సభ జరిపి, పార్టీవారు కట్టిన బాడుగ యింట కచేరి పెట్టి, పార్టీవారు పంపిన లారీలలో ఊరేగిన సంఘము ఒకనాడు శల్యుని స్థితికి రాక తప్పదు. ఆ పార్టీ అధికారమునకు వచ్చిన దినమున దాని యేలుబడిలోని యజమానిపై సంఘము నోరెత్తలేదు. శల్యుడు దుష్టుడు కాడు. దారిబత్తెము తాను తెచ్చుకొనలేదు. అదియే ఆయన లోపము.

మరల గిరిగారి చరిత్రకు వత్తము. 1946లో ప్రకాశము పంతులుగారి మంత్రివర్గములో కార్మిక మంత్రిగా నుండి, 1947 నుండి 1951 వరకు సింహళములో భారత హైకమిషనరుగా పనిచేసిరి. 1952 ఎన్నికలలో పాతపట్నము నుండి లోక్‌సభకు ఎన్నికై నెహ్రూగారి ప్రభుత్వములో కార్మిక మంత్రియైరి. అప్పటికి తగవు వచ్చినచో ప్రభుత్వము దానిని ట్రిబ్యునలునకు పంపుట, అది చెప్పిన తీర్పును ఇరువురును శిరసావహించుట ఆచారముగా నుండెను. గిరిగారు దీనిని మార్పదలచిరి. పనివారును, యజమానులును తమంత తాము కూర్చుండి బేరమాడుకొనవలెననియు, కోర్టు పక్షి కడపటి గూడు కావలెనే గాని మొదటి కొమ్మ కారాదనియు ఆయన మతము. దీనికి గిరిగారి మార్గమను పేరు వచ్చెను.

1952లో నైనితాలునందు జరిగిన కార్మిక సమావేశములో ఈ మార్గము చర్చకు వచ్చెను. యజమానులు దీని నొప్పుకొనకపోవుటలో ఆశ్చర్యము లేదు. చాలమంది సంఘ నాయకులును ఒప్పుకొనలేదు. తమ సంఘములు బలహీనములు. ఒక్కొక్క మిల్లులో మూడు నాలుగు సంఘములు. బేరమాడు బలము లేదు. కావున ప్రభుత్వపు తీర్పే దిక్కని వారి భావము. అందులో నిజము లేకపోలేదు. కాని ప్రభుత్వపు తీర్పే దిక్కయినపుడు, ప్రభుత్వములో పలుకుబడి గల పార్టీవాడే సంఘమునకు దేవుడగును. చీలిక వలన బలహీనత, బలహీనత వలన పార్టీపై ఆధారము, ఆధారము వలన మరల చీలిక. ఈ గానుగ తిరుగుడును ఆపుటకే గిరిగారు యత్నించిరి, ఆపలేకపోయిరి.

ఆయన కీర్తికి శిఖరమైన ఘట్టము 1954లో వచ్చెను. బ్యాంకు ఉద్యోగుల జీతములను గూర్చి లేబరు అప్పిలేట్ ట్రిబ్యునలు తీర్పు చెప్పెను. బ్యాంకులకు అది భారమని ప్రభుత్వము ఆ తీర్పును ఉద్యోగులకు నష్టము కలుగునట్లు మార్చెను. తీర్పును పాటింపుడని పనివారికి చెప్పుచు వచ్చిన ప్రభుత్వమే తనకు నచ్చని తీర్పును దిద్దుట తగదని గిరిగారు తలచి, ఆగస్టు చివర మంత్రి పదవికి రాజీనామా ఇచ్చిరి. దుర్యోధనుని దుర్భాషలు విని, వింటిని వాకిట నుంచి హస్తినాపురమును విడిచిన విదురుడు ఇట్టి వేళ గుర్తుకు రాక మానడు. తరువాత ప్రభుత్వము గజేంద్రగడ్కరు గారిచేత విచారణ జరిపించి, 1955లో ఉద్యోగులు కోల్పోయిన దానిని చాలవరకు మరల ఇయ్యవలసి వచ్చెను. పార్టీలో నుండియు, పదవిలో నుండియు కార్మికుని పద్దును పార్టీ పద్దులో కలుపకుండుట సాధ్యమని ఆ రాజీనామా నిరూపించెను.

1957లో పార్వతీపురమున స్వల్పపు తేడాతో ఓడినను, ఉత్తర ప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రములకు వరుసగా గవర్నరైరి, 1967లో ఉపరాష్ట్రపతియైరి. 1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్‌గారు మరణింపగా తాత్కాలిక రాష్ట్రపతియైరి. జూలై 19న పదునాలుగు పెద్ద బ్యాంకులను జాతీయము చేయు ఆర్డినెన్సుపై చేవ్రాలు చేసినది ఆయనయే. మరునాడు పదవికి రాజీనామా యిచ్చి, స్వతంత్ర అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికకు నిలిచిరి. కాంగ్రెసు అభ్యర్థి మన సీమవారే, అనంతపురము జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డిగారు. ప్రధానియైన ఇందిరాగాంధీగారు అంతరాత్మ ప్రబోధము మేరకు ఓటు వేయుడని తన పక్షమువారికి చెప్పగా, వామపక్షములు మొదలగునవి గిరిగారిని బలపరచెను. మొదటి లెక్కలో ఎవరికిని కావలసిన మెజారిటీ రాలేదు. రెండవ ప్రాధాన్యపు ఓట్లను లెక్కింపగా గిరిగారికి 4,20,077, సంజీవరెడ్డిగారికి 4,05,427 వచ్చెను. సీమలో ఆ దినమున విచారించినవారు మెండు. 1977లో సంజీవరెడ్డిగారు ఏకగ్రీవముగా రాష్ట్రపతి యగుటతో ఆ విచారము తీరెను.

గిరిగారి చరిత్రలో బాధాకరమైన ఘట్టము 1974 నాటిది. మే 8 నుండి 27 వరకు దేశమంతట రైల్వే సమ్మె జరిగెను. సుమారు 17 లక్షల పనివారు అందులో చేరిరి. నాయకుడు జార్జి ఫెర్నాండెజ్‌గారు. ఆయన అప్పుడు అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషనునకు అధ్యక్షులు. యౌవనములో గిరిగారు ఏ సంస్థను పెంచిరో ఆ సంస్థయే ఈ సమ్మెకు ముందు నడచెను. ఆ గిరిగారే రాష్ట్రపతి భవనములో నుండిరి. వేలకొలది పనివారు చెరసాలల పాలైరి, వేలకొలది ఉద్యోగములు పోయెను. మన గుంతకల్లు వైపునను బండ్ల రాకపోకలు దెబ్బతినెను. రాష్ట్రపతి మంత్రివర్గపు సలహా మేరకే నడువవలెనని రాజ్యాంగము చెప్పుచున్నది. నిజమే. అయినను 1954లో రాజీనామా చేసిన గిరిగారిని ఎరిగినవారికి 1974లో పదవియందే యుండిన గిరిగారిని చూచి మనసు కలుక్కుమనక మానదు. మహనీయుల చరిత్రలో ఇట్టి పుటను చించివేయుట చరిత్రకు ద్రోహము. ఏ యెత్తునుండి చూచినచో పనివాడు చిన్నవాడుగా కనబడునో ఆ యెత్తు ఎంతటివానికైనను అపాయకరమని ఈ పుట నేర్పుచున్నది.

1974 ఆగస్టు 24న గిరిగారు పదవీ విరమణ చేసిరి. 1975లో ఆయనకు భారతరత్న బిరుద మిచ్చిరి. 1980 జూన్ 24న మద్రాసులో పరమపదించిరి. పారిశ్రామిక సంబంధములను గూర్చియు, కార్మిక సమస్యలను గూర్చియు ఆయన వ్రాసిన గ్రంథములు కలవు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టిరి.

ఈ జీవితమునుండి మనము నేర్చుకొనవలసినది కార్మిక సంఘము రాజకీయములకు దూరముగా నుండవలెనని కాదు. పనిగంటల చట్టము, పరిహారపు చట్టము, కనీస వేతనపు చట్టము శాసనసభలలోనే పుట్టును. శాసనసభలు పార్టీలతోనే నడచును. పార్టీల సాయము లేక సంఘములు మన దేశములో మొలకెత్తెడివి కావు. చదువురాని కూలివాని పక్షమున మాటలాడినవారును, చెరసాలకు పోయినవారును రాజకీయులే. ఆ ఋణము కాదనరాదు. కాని ఋణము తీర్చుట వేరు, బానిసయగుట వేరు. గిరిగారు తన సంఘము బలము చూపి ఖరగ్‌పూరులో గెలిచిరి. తన మాటకు కట్టుబడి 1954లో గెలిచిరి. పక్షముల తగవు సంఘములోనికి వచ్చినపుడు 1929లోను, యుద్ధకాలములోను ఓడిరి. గెలుపునకును, ఓటమికిని గల భేదము ఇదియే.

కావున బండల గనిలోనో, సిమెంటు మిల్లులోనో సంఘము పెట్టుకొను మన యువకులకు నా మనవి. మీలో ఏ పార్టీవాడైనను ఉండవచ్చును. సంఘమునకు మాత్రము చందా మీదే కావలెను. చందా చిన్నదైనను ఫరవాలేదు, నెలనెల రావలెను; లెక్క గోడపై అంటింపవలెను. కార్యదర్శి మీతోపాటు సుత్తి పట్టినవాడై యుండవలెను. బయటి నాయకుడు సలహాదారు కావచ్చును, యజమాని కారాదు. సమ్మె చేయవలెనో, మానవలెనో సభ్యులు చేతులెత్తి తేల్చవలెను గాని పట్టణమునుండి వచ్చిన ఫోను తేల్చరాదు.

ఇది అసాధ్యమని యనువారికి మన గ్రంథాలయమే సమాధానము. ఇరువదియైదేండ్లుగా దీని బల్లపై అన్ని పార్టీల పత్రికలును ప్రక్కప్రక్కన నున్నవి. ఎన్నికల కాలములో ఎదురెదురు వాకిళ్లలో నిలిచినవారు ఇచ్చట ఒకే దీపము క్రింద చదువుకొనిరి. కారణము గొప్పది కాదు. ఇది ఎవరి దానముపైనను గాక సభ్యుల చందాపై నడచినది. తన చందాపై నడచు సంస్థ ఎవరికిని తల వంచదు. గిరిగారు జీవితమంతయు కార్మికులకు నేర్పజూచిన విద్య యిదియే. ఆ విద్యను మన యూరిలోని కూలిబిడ్డలు ఈ గ్రంథాలయములో కూర్చుండి నేర్చుకొందురు గాక యని కోరుచు విరమించుచున్నాను.